పొట్టోడి దండం

నా తమ్ముడు హరీశ్‌కు కామెర్లు వచ్చాయని మా వీధి మొత్తానికి చెప్పింది నేనే. నంద్యాల సంజీవనగర్‌లో ఒక మగమనిషి పగలంతా ఇంట్లో కూర్చుంటే వంద ప్రశ్నలు పుడతాయి. కామెర్లంటే మాత్రం ఎవరూ బయటికి రమ్మని పిలవరు. ఎండలో తిరగకూడదంటే అందరూ తల ఊపుతారు. అబద్ధం బాగానే కుదిరింది గానీ, ఎదురింటి జానకమ్మకు జాలి ఎక్కువ. గడివేములలో ఎవరో పసరు ఇస్తారని విని, మనిషిని పంపించి సీసా తెప్పించింది. ఆమె ఎదురుగా కూర్చుని చూస్తుంటే వాడు ఆ పసరు గుటగుటా మింగక తప్పలేదు. లేని రోగానికి మందు తాగి రోజంతా వాంతులు చేసుకుంటే, చూడు పైత్యమంతా ఎట్లా పోతోందో అని ఆమె సంతోషపడింది. నేను వంటింట్లోకి పోయి చీరచెంగు నోట్లో కుక్కుకుని నవ్వాను. ఆ వేసవిలో మా ఇంట్లో నవ్వులు తక్కువ, అందుకే బాగా గుర్తుంది.

అసలు రోగం ఆళ్లగడ్డలో ఉంది. అది మా పుట్టిల్లు. మా నాయన అక్కడ బెల్లం, చింతపండు, ఎండుమిరపకాయలు అమ్మి మమ్మల్ని పెంచాడు. పొద్దున అంగడి తీయగానే ఖాళీ తక్కెడను మూడుసార్లు ఎగరేసి దించి, తల వంచి దండం పెట్టుకునేవాడు. ఆ తర్వాతే మొదటి బేరం. బోణీ దండం అనేవాడు దాన్ని. నాయన పోయాక హరీశ్ ఆ తక్కెడను అటక మీద పడేసి, అదే అంగట్లో నాలుగు టీవీలు పెట్టి పిల్లలకు వీడియో గేములు ఆడించడం మొదలుపెట్టాడు. తొంభైల్లో ఆళ్లగడ్డకు అదొక వింత. శెట్ల ఇంట్లో పుట్టి ఇదేం వ్యాపారమని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. నేనూ తిట్టాను. వాడు వింటే కదా.

నాయన దగ్గర నేర్చుకున్నవాటిలో వాడు వదలనిది ఆ దండం ఒక్కటే. ఏ ఆటైనా సరే, మొదలు కాగానే తెర మీది పొట్టి బొమ్మను ముందుకు పరిగెత్తించకుండా, వెనక్కి, ఎడమ అంచు దాకా నడిపించేవాడు. అక్కడ మూడుసార్లు ఎగిరించి, ఒకసారి కూర్చోబెట్టి, అప్పుడు ఆట మొదలుపెట్టేవాడు. పిల్లలు దానికి పొట్టోడి దండం అని పేరు పెట్టి వెక్కిరించేవాళ్లు. కొందరు నేర్చుకున్నారు కూడా, కానీ వాళ్లకు అంత ఓపిక ఎక్కడిది, కొన్నాళ్లు చేసి మానేసేవాళ్లు. వాడికి మాత్రం అది వేళ్లలోకి దిగిపోయింది. అన్నం ముందు చెయ్యి కడుక్కున్నట్టు, చేస్తున్నానని కూడా తెలియకుండా చేసేవాడు.

ఆ అంగట్లో అందరికంటే ఎక్కువ సేపు గడిపినవాడు శ్రీశైలం. బడి ఎగ్గొట్టి వచ్చేవాడు. ఇంటికి పోరా అంటే పోయేవాడు కాదు, మా అమ్మ జాలిపడి మధ్యాహ్నం అన్నం కూడా పెట్టేది. మీసాలు వచ్చాక ఊళ్లో ఒక పెద్దమనిషి జీపుల వెంట తిరగడం మొదలుపెట్టి అంగడికి రావడం మానేశాడు. ఒక మిట్టమధ్యాహ్నం ఆ జీపుల్లో ఒకటి మా అంగడి ఎదురుగా టీకొట్టు దగ్గర ఆగింది. ముగ్గురు దిగి, టీ తాగుతున్న యేసురత్నం అనే డ్రైవరును నరికి చంపారు. అంతకు ముందు అతను ఆ పెద్దమనిషి జీపే నడిపేవాడు. మానేసి ఇంకొకరి దగ్గర చేరాడు, అదే అతని నేరం. రోడ్డు నిండా జనం ఉన్నారు. పోలీసులు వచ్చేసరికి అందరి కళ్లూ పోయాయి. హరీశ్ ఒక్కడే, నేను చూశాను, ముగ్గుర్లో ఒకడు మా శ్రీశైలం అని చెప్పాడు. ఎందుకు చెప్పావురా అని అడిగితే, చూసినా కదక్కా అన్నాడు. వాడి బుర్ర అంతే. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ లోపల, ఎవరికీ చెప్పలేదు గానీ, గర్వంగా కూడా అనిపించింది.

ముగ్గురూ బెయిలు మీద బయటికి వచ్చారు. తర్వాత ఒక రోజు ఎవరో అంగట్లో జొరబడి టీవీలన్నీ పగలగొట్టారు. రెండువేల మూడు ఎండాకాలంలో కేసు నంద్యాల కోర్టులో విచారణకు వచ్చింది. అమ్మను బనగానపల్లెలో మా పిన్ని ఇంటికి పంపించి, హరీశ్‌ను మా ఇంటికి తెచ్చుకున్నాం. సాక్ష్యం చెప్పే రోజు దాకా వాడు ఎక్కడ ఉన్నాడో ఆళ్లగడ్డలో ఎవరికీ తెలియకూడదు. మా ఆయన మహానందయ్యది నూనెల వ్యాపారం, గొడవ అనే మాట వినపడితే పక్క సందులోకి తిరిగే రకం. అట్లాంటి మనిషి, బామ్మర్దిని ఇంట్లో పెట్టుకోవడానికి ఒక్క మాట అడ్డం చెప్పలేదు.

వాడు ఇక్కడున్నట్టు ఆళ్లగడ్డలో తెలిసిన మనిషి ఒక్కరే. యేసురత్నం భార్య మరియమ్మ. సర్కారు వకీలు దగ్గర కలిసినప్పుడు హరీశే చెప్పాడట. ఒక రోజు మిట్టమధ్యాహ్నం వచ్చి వసారాలో, లోపలికి రమ్మన్నా రాకుండా, గోడకు ఆనుకుని కూర్చుంది. మజ్జిగ ఇస్తే తాగింది. ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. ఒకటే అడిగింది.

"నువ్వొక్కనివే నోరు తెరిచినావప్పా. ఆ పొద్దు కోర్టులో గూడ తెరుస్తావా?"

"చూసింది చూసినట్టు చెప్తా మరియక్కా" అన్నాడు హరీశ్.

ఆమె తల ఊపి, గ్లాసు తానే కడిగి బోర్లించి, వెళ్లిపోయింది.

ఇంట్లో బందీ అయిన మనిషికి పగలు ఎంత పొడుగో వాణ్ని చూశాక తెలిసింది. మిద్దె ఎక్కకూడదు. కిటికీ దగ్గర నిలబడకూడదు. ఫోన్ మోగితే ఎత్తకూడదు. వాడు పేపర్‌లో టెండరు ప్రకటనలు కూడా చదివేశాడు. నా కూతురు మానస అప్పుడు ఇంటర్ మొదటి సంవత్సరం. వేసవి ట్యూషన్‌కు పోయి సాయంత్రం వచ్చేది. మామకు తోడుగా కూర్చుని టీవీ పెట్టేది. ఆ పిల్లే వాడికి ఫోన్ ఆట చూపించింది.

ఈ కాలం పిల్లలకు చెప్తే నమ్మరు గానీ, అప్పుడు అదే పెద్ద వినోదం. నంద్యాలలో మా కేబుల్ వాళ్లకు సొంత ఛానల్ ఒకటి ఉండేది. సాయంత్రం పూట పూజిత అనే అమ్మాయి పౌడరు బాగా దట్టించుకుని తెర మూలలో కూర్చునేది. మిగతా తెర మీద ఒక ఆట. తలపాగా చుట్టుకున్న పొట్టి బొమ్మ ఒకటి గుంతలు దూకుతూ, మొద్దులు ఎక్కుతూ పరిగెత్తాలి. ఇంట్లోంచి ఫోన్ చేసి, ఫోన్ బటన్లతోనే ఆ బొమ్మను ఆడించాలి. నాలుగు నొక్కితే వెనక్కి, ఆరు నొక్కితే ముందుకి, రెండు నొక్కితే ఎగురుతుంది, ఎనిమిది నొక్కితే కూర్చుంటుంది. పూజిత పేరు అడుగుతుంది, ఊరు అడుగుతుంది, ఎవరికి డెడికేట్ చేస్తున్నారని అడుగుతుంది. ఊరంతా చూస్తుండగా మన బొమ్మ పరిగెత్తుతుంది. చాలామంది బొమ్మలు మొదటి గుంతలోనే పడేవి.

రోజూ అవి పడడం చూసి చూసి హరీశ్ ఉండబట్టలేకపోయాడు. ఒక సాయంత్రం ఫోన్ దగ్గరికి జరిగాడు. నేను అరిచాను. వాడు నిదానంగా నాకు లెక్క చెప్పాడు. తెర మీద కనపడేది బొమ్మ, నేను కాదు. పేరు మారుస్తా. గొంతు మారుస్తా. పైగా ఈ కేబుల్ వైరు నంద్యాల దాటదు, ఆళ్లగడ్డలో ఎవరికీ రాదు. మా ఆయన కూడా ఆలోచించి, నిజమే కదా అన్నాడు. మనిషి కనపడకపోతే మనిషిని దాచినట్టే అని అప్పుడు మేమే కాదు, లోకమంతా అనుకునేది. నువ్వు ఫోన్ లాక్కుని ఉండాల్సింది అని తర్వాత నాతో అన్నవాళ్లు ఉన్నారు. వాళ్లలో ఒక్కరైనా ఆ రోజు మా ఇంట్లో ఉండి ఉంటే, వాడి పక్కన కూర్చుని చప్పట్లు కొట్టేవాళ్లే.

వాడు భీమవరం గోపాలరాజు అయ్యాడు. "అండీ" లేకుండా మాట లేదు. "పెళ్లికొచ్చామండీ నంద్యాల, చుట్టాలింట్లో ఉన్నామండీ" అని వాడు దీర్ఘాలు తీస్తుంటే మానస దిండులో మొహం దాచుకుని పొర్లింది. ఆట మొదలైంది. వాడు బొమ్మను వెనక్కి నడిపించాడు. ఎడమ అంచులో మూడు గెంతులు, ఒకసారి కూర్చోవడం. ఇదేంటి గోపాలరాజు గారూ, ముందుకెళ్లాలండీ అంది పూజిత. ఆ తర్వాత ఆ పొట్టోడు పరిగెత్తిన పరుగు చూడాలి. గుంతలన్నీ దాటి, అంతవరకూ ఆ ఛానల్లో ఎవరూ చేరని కోట దాకా పోయాడు. పూజిత నోరు తెరుచుకుని ఉండిపోయింది. నా తమ్ముడి మొహంలో నెత్తురు చూశాను. ఎన్నాళ్లకో.

టైము వృథా కదరా, ఆ గెంతులెందుకు అని అడిగాను. బోణీ లేకుండా ఎట్లక్కా అని నవ్వాడు. అంతకు మించి ఆలోచించలేదు. నేనూ ఆలోచించలేదు.

అప్పటి నుంచి గోపాలరాజు రోజూ ఆడాడు. ప్రైజు తీసుకోవడానికి ఆఫీసుకు రమ్మంటే, మీరే ఎవరికైనా పిల్లలకిచ్చేయండమ్మా అనేవాడు. మా ఆయన అంగట్లో గుమాస్తాలు కూడా గోపాలరాజు గురించి మాట్లాడుకునేవాళ్లట. ఇంటికొచ్చి చెప్పి, ఆయన మీసాల చాటున నవ్వుకునేవాడు.

కోర్టు వాయిదా దగ్గరపడింది. ఒక సాయంత్రం నేను మొగ్గలు కట్టుకుంటూ టీవీ ముందు కూర్చున్నాను. మానస ఇంకా ట్యూషన్ నుంచి రాలేదు, హరీశ్ ఇంకా లైను కలపలేదు. వాడికంటే ముందు ఎవరికో కలిసింది. పూజిత ఎప్పటిలాగే పేరు అడిగింది.

"హరీశ్" అంది ఒక మగగొంతు.

నా పక్కన హరీశ్ చేతిలో ఫోన్ అట్లాగే ఉండిపోయింది. ఎక్కడి నుంచి అని పూజిత అడిగింది.

"నంద్యాలే మేడం. సంజీవనగర్. నూనెలంగడి మహానందయ్య ఇంట్లో ఉండా."

ఆ గొంతులో కోపం లేదు, తొందర లేదు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే, ఆళ్లగడ్డలో మేడం, చిన్నప్పుడు అన్నాడు. తెర మీద బొమ్మ వెనక్కి నడిచింది. ఎడమ అంచుకు చేరింది. ఒకటి, రెండు, మూడు. కూర్చుంది. ఇదేంటి, మీరూ గోపాలరాజు గారి స్టైలేనా అని పూజిత నవ్వింది. బొమ్మ లేచి ముందుకు కదిలింది. ఎవరికి డెడికేట్ చేస్తున్నారు హరీశ్ గారూ అంది.

"మా అక్కబిడ్డకు మేడం. మానస. ట్యూషన్ నుంచి వచ్చే టైమయింది."

బొమ్మ మొదటి గుంత అంచు దాకా వచ్చి ఆగింది. చాలాసేపు ఆగింది. దూకండి, రెండు నొక్కండి అని పూజిత చెప్తూనే ఉంది. అప్పుడు అది దూకకుండా, మామూలుగా, ఒక్క అడుగు ముందుకు వేసి గుంతలో పడిపోయింది. అయ్యో అంది పూజిత. లైను తెగింది.

నేను చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తాను. మానస మలుపు తిరిగి సైకిల్ నడిపించుకుంటూ వస్తోంది. ఏందమ్మా అంది. ఆ పిల్లను రెక్క పట్టుకుని లోపలికి లాక్కొచ్చి తలుపు గడియ వేశాను. హరీశ్ లేవలేదు. శ్రీశైలం గొంతే అక్కా, అన్నాడు.

మర్నాడు పొద్దునే కేబుల్ ఆఫీసుకు వెళ్లాను. పౌడరు లేకపోతే పూజిత చిన్నపిల్ల, మానస కంటే కొంచెం పెద్దది, అంతే. దాని చెంప పగలగొట్టాలని వెళ్లినదాన్ని, దాని మొహం చూసి గొంతు తగ్గించుకున్నాను. అడిగినదానికల్లా జవాబు చెప్పింది. వైరు నంద్యాల దాటదు, నిజమే. కానీ రోజూ ఆటను వీడియో క్యాసెట్ మీద రికార్డు చేసి, పొద్దున బస్సు డ్రైవరు చేతికిచ్చి ఆళ్లగడ్డ పంపిస్తారు. అక్కడా వీళ్ల ఓనరుదే కేబుల్. మర్నాడు సాయంత్రం అక్కడ వేస్తారు. పొట్టోడి దండం ఆళ్లగడ్డలో ఇంటింటికీ పోయింది. గోపాలరాజు అండీ అండీ అంటుంటే ఎంతమంది పిల్లలు, ఇది మా హరీశన్న కదా అని నవ్వుకున్నారో. వాళ్లకు అది రహస్యమని ఎవరు చెప్పారు.

మరి మా ఇల్లు ఎట్లా తెలిసింది అని అడిగాను. పూజిత టేబుల్ మీది చిన్న డబ్బా చూపించింది. ఫోన్ చేసినవాళ్ల నంబర్లు అందులో పడతాయి. ఆళ్లగడ్డ నుంచి ఒకన్న ఫోన్ చేసి, గోపాలరాజు ఆట తమకు చాలా ఇష్టమని, అభినందించడానికి నంబరు కావాలని అడిగాడట. ఇచ్చేసింది.

"నంబరే కదక్కా. డైరెక్టరీలో ఉండేదే కదా" అంది.

ఆ పిల్ల అన్నది అబద్ధం కాదు. టెలిఫోన్ డైరెక్టరీలో నంబరు పక్కన మహానందయ్య, నూనెల వ్యాపారం, సంజీవనగర్ అని అచ్చయి ఉంటుంది. ఆ పుస్తకం వచ్చిన రోజు మా ఆయన తన పేరు కింద గీత గీసి అందరికీ చూపించాడు. నిన్న హరీశ్ పేరుతో చేసిన ఫోన్ ఏ ఊరి నుంచి వచ్చిందని చివరగా అడిగాను. పూజిత డబ్బా నొక్కి చూసి, నంబరు కాగితం మీద రాసిచ్చింది. ఇంటికొస్తూ మా వీధి మొదట్లో, టీవీ పెట్టుకున్న సోడా అంగడి ముందున్న రూపాయి ఫోన్ దగ్గర ఆగాను. దాని మీద అదే నంబరు ఉంది.

మా ఆయన తనకు తెలిసిన ఒక హెడ్డు కానిస్టేబుల్ దగ్గరికి వెళ్లాడు. ఆయన అంతా విని, బెదిరించినాడా అని అడిగాడట. లేదు. తిట్టినాడా. లేదు. ఇంటి మీదికి వచ్చినాడా. లేదు. టీవీలో ఆట ఆడి గుంతలో పడితే ఏం కేసు రాయమంటావు శెట్టీ అన్నాడట. మా ఆయన ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుని కండువాతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం నుంచి, సరిగ్గా ఆట టైముకు మా ఫోన్ మోగడం మొదలైంది. ఎత్తితే మాట ఉండదు. బటన్ల చప్పుడు మాత్రం. ఒక చప్పుడు ఆగకుండా చాలాసేపు, వెనక్కి నడిచినట్టు. తర్వాత ఒకే రకం చప్పుళ్లు మూడు. తర్వాత ఒకటి వేరేది. పెట్టేసేవాళ్లు. మా ఆయన ఫోన్ తీగ పీకేశాడు. అప్పుడు అంగట్లో ఫోన్ మోగింది. గుమాస్తా ఎత్తి, ఏవో చప్పుళ్లు వస్తున్నాయి, లైను బాగాలేదు శెట్టీ అన్నాడట. మానసను ట్యూషన్ మానిపించాం. జానకమ్మ వచ్చి, మీ తమ్ముడి రోగం పిల్లకు అంటిందా అని అడిగింది. అంటింది అన్నాను.

వాణ్ని నందికొట్కూరు పంపిద్దామన్నాడు మా ఆయన, అక్కడ ఆయన పెదనాన్న కొడుకులున్నారు. హరీశ్ తల అడ్డంగా ఊపాడు.

"పేరు మార్చినా, మాట మార్చినా. వాడు నా వేళ్లను పట్టినాడక్కా. వేళ్లను యాడ దాచల్ల?"

నాకు తెలిసిన జవాబు ఒక్కటే ఉంది, అదే చెప్పాను. కోర్టులో చూడలేదని చెప్పమన్నాను. మానసను చూపించి అడిగాను. మరియక్కకు మాటిచ్చినా అన్నాడు. మరియమ్మ మొగుడు చచ్చిపోయాడు, నువ్వు సాక్ష్యం చెప్తే లేచి రాడు, నా బిడ్డ బతికుంది అన్నాను. ఎంత నీచంగా ఉందో ఆ మాట నాకు అప్పుడూ తెలుసు. ఇవాళ మళ్లీ ఆ రోజు వస్తే మళ్లీ అదే అంటాను. తల్లులను తూచే తక్కెడ వేరే ఉంటుందో ఏమో, నాకు తెలియదు.

వాడు ఒప్పుకోలేదు, కాదనలేదు. వాయిదా రోజు పొద్దున తలంటు పోసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఏం చెప్తాడో మాకు తెలియదు. ఆటోలో కోర్టుకు పోతున్నంతసేపూ నేను వాడి చెయ్యి పట్టుకుని ఉన్నాను, ఆ వేళ్లు చల్లగా ఉన్నాయి.

కోర్టు హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప గాలి లేదు. ముగ్గురు ముద్దాయిలు వెనక కటకటాల పక్కన నిలబడి ఉన్నారు. శ్రీశైలం నన్ను చూసి, చిన్నప్పుడు మా అమ్మ దగ్గర అన్నం పళ్లెం అందుకునేటప్పుడు నవ్వినట్టే నవ్వి, బాగుండావా అక్కా అన్నట్టు తల ఊపాడు. మరియమ్మ ముందు బెంచీలో కూర్చుంది. హరీశ్ బోనెక్కి ప్రమాణం చేశాడు. సర్కారు వకీలు, ఆ రోజు మధ్యాహ్నం మీ అంగడి ముందు ఏం జరిగిందో చెప్పండి అన్నాడు.

హరీశ్ బోను కర్ర మీద చేతులు పెట్టి, వాటినే చూసుకుంటూ ఉన్నాడు. జడ్జిగారు తలెత్తారు. చెప్పేస్తాడు అనుకున్నాను. మా నాయన కొడుకు కదా, చెప్పేస్తాడు.

"నేను ఆట చూస్తాండా సార్. మొగం టీవీ తట్టు ఉన్నింది. బయట ఏం జరిగిందో చూడలేదు."

వకీలు పాత వాంగ్మూలం చదివి వినిపించాడు, ఇది నువ్వు చెప్పింది కాదా అని గట్టిగా అడిగాడు. భయంలో ఏమో చెప్పినా సార్ అన్నాడు హరీశ్. అవతలి వకీలు లేవనైనా లేవలేదు, అడగడానికేమీ లేదన్నాడు. ఆ అబద్ధం ఎంత చక్కగా అమరిందంటే, దాన్ని ఎవరూ కాదనలేరు. హరీశ్‌కు ఆటల పిచ్చి అని ఆళ్లగడ్డలో పసిపిల్లలకు కూడా తెలుసు. నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే వచ్చింది. నా తమ్ముడు బతికాడు, నా బిడ్డ బతికింది. అంతకు మించి ఏమీ అనిపించలేదు ఆ క్షణంలో.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. మా ఆయన ఆటో కోసం వెళ్లాడు. నేనూ హరీశూ గేటు పక్కన గోడ నీడలో నిలబడ్డాం. బస్సు స్టాపు అక్కడే. మరియమ్మ ఆ జనంలోంచి మా వైపు నడిచి వచ్చింది. తిడుతుందనుకున్నాను. మట్టి ఎత్తి పోస్తుందనుకున్నాను, పోసినా పడదామనుకున్నాను. ఆమె హరీశ్ ఎదురుగా ఆగి, మొహంలోకి చూసింది.

"గెలిచినావా అప్పా, ఆ పొద్దు ఆట?" అంది.

అది ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది. తన మొగుడు రోడ్డు మీద పడి ఉన్నప్పుడు ఈ మనిషి చూస్తున్న ఆట ఏమైందో ఆమెకు కావాలి. హరీశ్ నోరు తెరిచాడు, మూశాడు. ఆమె తొందరపడలేదు. జవాబు వచ్చేదాకా నిలబడేట్టే నిలబడింది. ఆళ్లగడ్డ బస్సు వచ్చి ఆగింది, కండక్టరు కేకలు వేస్తున్నాడు. ఆమె ఇంకోసారి వాడి మొహం చూసి, చీరచెంగు తల మీదికి లాక్కుని, ముందు డోరులో ఎక్కింది.

మరియక్కా అని హరీశ్ అప్పుడు పిలిచాడు. బస్సు ఇంజను మోతలో అది నాకే సరిగ్గా వినపడలేదు. వాడు రెండడుగులు ముందుకు వేస్తే నేను చొక్కా పట్టుకుని ఆపాను. ఆమె కిటికీ పక్కన కూర్చుంది, ఇటు చూడలేదు. వెనక డోరులో శ్రీశైలం ఎక్కాడు. బస్సులో సీట్లు చాలా ఖాళీగా ఉన్నాయి. వాడు వాటన్నిటినీ దాటుకుంటూ ముందుకు నడిచి, మరియమ్మ వెనక సీట్లో కూర్చున్నాడు.